గట్టు వేరు, చేను వేరు

(మచిలీపట్నంలో ప్రాథమికోపాధ్యాయుల సభలో చేసిన స్మారకోపన్యాసం)



ఎవరి జ్ఞాపకార్థం ఇక్కడ చేరామో ఆయన పేరు నా వెనకున్న పటం కింద రాసి ఉంది. నా నోటికి మాత్రం మాస్టారనే వస్తుంది. దివిసీమలో నాలుగో తరగతి ఆయన దగ్గర చదువుకున్నాను. మాకు చుట్టుకొలత చెప్పిన రోజు ఆయన పుస్తకం తెరవలేదు. బడి వెనక ఉన్న చేను గట్టు మీద మమ్మల్ని వరసగా నడిపించి అంగలు లెక్కపెట్టుకోమన్నారు. బయల్దేరిన చోటికి తిరిగొచ్చాక ఎన్నయ్యాయో అడిగారు. చెప్పాం. "మరి చేనెంత?" అన్నారు. మేమంతా ఆ అంగల లెక్కనే మళ్లీ ఒప్పజెప్పాం. ఆయన తప్పనలేదు, కోప్పడలేదు. "అది గట్టురా. నేనడిగింది చేను" అన్నారు.

నేనివాళ చెప్పదల్చుకున్నది ఆ ఒక్క మాటే. దాని లోతు తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

శిక్షణ ముగించి ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను మాస్టారి దారి వదిలేశాను. నల్లబల్ల మీద దీర్ఘచతురస్రం గీసి, చుట్టుకొలతకు రెండు సార్లు పొడవూ వెడల్పుల మొత్తం, వైశాల్యానికి పొడవును వెడల్పుతో గుణించడం అని రాసి, పదిసార్లు వల్లె వేయించేవాణ్ణి. పిల్లలు చక్కగా అప్పజెప్పేవారు. ఒకసారి పరీక్షలో 30 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు ఉన్న తోటకు కంచె వేయడానికి ఎంత తీగ కావాలని అడిగాను. తరగతిలో సగం మంది 300 అని రాశారు. వాళ్లలో ఒకడి తండ్రి కంచెలు వేసే పనే చేసేవాడు. ఆ కుర్రాడిని దొడ్లోకి తీసుకెళ్లి అడిగితే నాలుగు వైపులా వేలితో చూపించి 80 అని చెప్పాడు. కాగితం మీద మాత్రం రెండు సంఖ్యలు కనబడగానే గుణించేశాడు. వాడికి తెలిసిన విషయాన్ని నేనే నా సూత్రంతో కప్పెట్టాను. ఆ తప్పు నాది.

మాటల దగ్గర కూడా ఒక ఇబ్బంది ఉంది. చుట్టుకొలత అన్న మాట తన అర్థం తనే చెబుతుంది. వైశాల్యం చెప్పదు. పట్టాదారు పాసుపుస్తకంలో విస్తీర్ణం అని ఉంటుంది, పాఠ్యపుస్తకంలో వైశాల్యం అని ఉంటుంది. రెండూ ఒకటేనని పిల్లలకు ఎవరూ చెప్పరు. ఇప్పుడు మన బడుల్లో ద్విభాషా పుస్తకాలున్నాయి. ఎదురు పేజీలో ఏరియా అని ఉంటుంది. గుడివాడ పిల్లకు ఏరియా అంటే తానుండే పేట. ఈ మూడు మాటలూ ఒకే చోటికి చేరాలంటే ముందు ఆ చోటు పిల్ల చేతికి తగలాలి. మాట తర్వాత రావాలి.

అది చేతికి తగిలిన రోజొకటి చెబుతాను. గుడివాడ దగ్గర పల్లెలో పనిచేస్తున్నాను. ఒక మధ్యాహ్నం అయిదో తరగతి పిల్లలకు ఒకే పొడవున తుంచిన చీపురుపుల్లలు తలా పన్నెండు ఇచ్చాను. పాత పెళ్లి శుభలేఖల అట్టలను పుల్ల పొడవే భుజంగా చదరాలు కత్తిరించి కుప్పపోశాను. పన్నెండు పుల్లలూ వాడి దడి కట్టండి, లోపల అట్టలు పరవండి అన్నాను. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. ఒక పాప అయిదు పుల్లల పొడవు, ఒక పుల్ల వెడల్పుతో కట్టింది. లోపల అయిదు అట్టలు పట్టాయి. పక్కనున్న పిల్లవాడు నాలుగూ రెండుతో కడితే ఎనిమిది పట్టాయి. వెనక బల్ల వాళ్లు మూడూ మూడుతో కట్టారు. తొమ్మిది. ఆ పాప తన దడి చూసుకుంది, వాళ్ల దడి చూసింది. పుల్లలు ఎక్కువ తీసుకున్నారేమోనని వాళ్లవి లెక్కపెట్టింది. పన్నెండే. "పుల్లలు అన్నే కదండీ మాస్టారూ, అట్టలెందుకు పెరిగాయండీ?" అని నన్నడిగింది. నేను జవాబు చెప్పబోయి ఆగాను. ఆగడం మాస్టారి దగ్గర నేర్చుకున్నదే. కాసేపటికి ఆ పిల్లవాడే అన్నాడు: "నీ గట్లు రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయి. మధ్యలో ఇరుకైపోద్ది కదా."

అంతకంటే చక్కటి వివరణ నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. తర్వాత తొమ్మిది అట్టలను ఒకే వరసలో పేర్చి చుట్టూ దడి కట్టమన్నాను. ఇరవై పుల్లలు కావాల్సివచ్చాయి. అంటే చేను మారకుండా గట్టు పెరగవచ్చు, గట్టు మారకుండా చేను పెరగవచ్చు. ఈ రెండూ విడివిడి సంగతులని ఆ పూట వాళ్లకు తెలిసింది. సూత్రం జోలికి నేను మరో వారం దాకా పోలేదు.

ఈ తికమక మన పిల్లలది మాత్రమే అనుకోకండి. అయిదో శతాబ్దపు గ్రీకు పండితుడు ప్రోక్లస్, యూక్లిడ్ మీద రాసిన వ్యాఖ్యానంలో భూమి పంపకాల్లో జరిగే మోసం గురించి చెప్పాడు. చుట్టుకొలత ఎక్కువున్న ముక్కను ఎదుటివాడికిచ్చి, వైశాల్యం ఎక్కువున్న ముక్కను తానుంచుకుని, ఉదారుడని పేరు కూడా తెచ్చుకునేవారట. చుట్టూ తిరిగి రావడానికి పట్టే కాలాన్ని బట్టి దీవి పెద్దదా చిన్నదా అని అంచనా కట్టే అలవాటూ పూర్వం ఉండేది. మన దివిసీమ దీవే. పులిగడ్డ దగ్గర కృష్ణ రెండు పాయలై మధ్యన ఆ నేలను వదిలి సముద్రంలో కలుస్తుంది. వంకలు తిరిగిన ఆ ఒడ్డు వెంట ఎన్ని రోజులు నడిచినా లోపల ఎన్ని ఎకరాల సాగు ఉందో తేలదు.

1948లో స్విస్ మనస్తత్వవేత్త జీన్ పియాజే తన సహచరులతో కలిసి పిల్లల క్షేత్రగణిత భావనల మీద ఒక పుస్తకం ప్రచురించాడు. అందులో ఆవు ప్రయోగం ఒకటుంది. పచ్చిక బయళ్లలాంటి రెండు పచ్చని అట్టలు, ఒక్కోదాని మీద ఒక బొమ్మ ఆవు. రెండింటి మీదా సమానంగా చిన్న ఇళ్లు పెడతారు. ఒకచోట ఇళ్లన్నీ పక్కపక్కన చేర్చి, రెండోచోట చెదరగొట్టి. ఏ ఆవుకు ఎక్కువ గడ్డి మిగిలిందని అడుగుతారు. చిన్నపిల్లలు, ఇళ్లు చెదిరిన చోట ఆవుకు గడ్డి తక్కువంటారు. కాస్త పెద్దయ్యాక సమానమంటారు. నేను ఆవు బదులు గేదె పెట్టి, ఇళ్ల బదులు గడ్డివాములు పెట్టి మా రెండో తరగతిలో చేయించాను. అవే జవాబులొచ్చాయి. కొన్ని నెలలు ముక్కలు పేర్చడం, మార్చి పేర్చడం ఆడించాక చాలామంది మారారు. పరిచిన దాన్ని ఎలా కదిపినా పరిమాణం పోదన్న నమ్మకం రానిదే పొడవు వెడల్పుల గుణకారం ఊరికే నోటిపాఠం.

మన పూర్వులకూ ఈ చిక్కు తెలుసు. పావులూరి మల్లన దాదాపు తొమ్మిది వందల ఏళ్ల కిందట తెలుగులోకి తెచ్చిన గణితానికి మూలం మహావీరాచార్యుడి సంస్కృత గ్రంథం. ఆ గ్రంథంలో నాలుగు భుజాల క్షేత్రానికి రెండు రకాల లెక్కలున్నాయి. ఎదురెదురు భుజాల సగటులను గుణించేది వ్యావహారికం. కచ్చితమైనదిగా చెప్పింది సూక్ష్మం. మొదటిదానికి గట్లు కొలిస్తే చాలు. కానీ గట్లు కొలిస్తే చాలా? నాలుగు పుల్లలను మూలల్లో దారంతో కట్టి చదరపు చట్రం చేయండి. దాన్ని వేలితో ఒక పక్కకు ఒరిగించండి. పుల్లలు పెరగలేదు, తరగలేదు. లోపలి చోటు మాత్రం సన్నగిల్లుతూ, చివరికి నాలుగు పుల్లలూ అతుక్కున్నప్పుడు సున్నా అవుతుంది. సగటుల లెక్క మాత్రం మొదట చెప్పిన సంఖ్యనే చివరిదాకా చెబుతుంది. అది అసలుకంటే ఎక్కువ చూపిస్తుందే గానీ తక్కువ ఎన్నడూ చూపదు. శిస్తు ఆ లెక్కన పడితే నష్టపోయేది ఎవరో రైతుబిడ్డలకు నేను చెప్పనవసరం లేదు. మూడో తరగతి పిల్లలకు కూడా ఈ చట్రం చూపించవచ్చు. పేరు చెప్పకపోయినా ఫర్వాలేదు, ఒరిగించనివ్వండి.

ఇప్పుడు మిమ్మల్ని పెడన తీసుకెళ్తాను. ఇక్కడికి పక్కనే. కలంకారీ అద్దకం పని చూసినవారికి తెలుసు, టేకు చెక్క అచ్చుల్లో అంచుకు వేసేది వేరు, లోపలి ఒడలికి వేసేది వేరు. కరక్కాయ నీటిలో తడిపి ఆరేసిన గుడ్డ బల్ల మీద పరిచి ఉంటుంది. అద్దేవారు అచ్చును రంగులో తాకించి, గుడ్డ మీద ఆనించి, పిడికిలితో ఒక్క పోటు వేస్తారు. తీసి పక్కన మళ్లీ ఆనిస్తారు. ముందటి అచ్చు అంచుకూ దీనికీ వెంట్రుకవాసి సందు ఉండకూడదు, ఒకదానిమీద ఒకటి ఎక్కకూడదు. వైశాల్యం కొలవడమంటే సరిగ్గా ఇదే. సందు లేకుండా, ఎక్కకుండా ఒకే ముక్కతో నింపడం.

మా పిల్లలను అక్కడికి తీసుకెళ్లి వచ్చాక ఇలా లెక్క వేసుకున్నాం. పది సెంటీమీటర్ల అచ్చు అనుకుందాం. 40 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల పొడవున్న గుడ్డకు లోపల 24 అచ్చులు పడతాయి. చుట్టూ అంచు పొడవు 200 సెంటీమీటర్లు, అంటే 20 అచ్చుల పొడవు. గుడ్డను రెండు వైపులా రెట్టింపు చేస్తే అంచు 40 అచ్చుల పొడవవుతుంది. ఒడలికి 48 చాలవు, 96 కావాలి. "రెట్టింపు గుడ్డకు రంగు నాలుగింతలా?" అని పిల్లలు నమ్మలేదు. గళ్ల కాగితం మీద ఒక్కొక్కటీ లెక్కపెట్టి నమ్మారు.

ఇక్కడ ఉపాధ్యాయులు కనిపెట్టవలసిన సూక్ష్మం ఒకటుంది. నాలుగు గళ్ల వెడల్పు, ఆరు గళ్ల పొడవున్న బొమ్మకు చుట్టుకొలత ఎంతంటే కొందరు 16 అంటారు. 20 కదా, 16 ఎలా వచ్చింది? అంచున ఉన్న గళ్లను లెక్కపెట్టారు. మూలగడి రెండు వైపులకు చెందుతుంది, వాళ్లు ఒక్కసారే లెక్కపెట్టారు. నాలుగు మూలలు, నాలుగు తగ్గాయి. అది అజాగ్రత్త కాదు. గీతను కొలవవలసిన చోట గడిని కొలిచారు. గట్టును అడిగితే మళ్లీ చేనే చెప్పారన్నమాట. పేపరు మీద ఎర్రగీత కొట్టి ఊరుకుంటే ఈ సంగతి మనకు తెలియకుండా పోతుంది. ఎలా లెక్కపెట్టావని అడిగితే నిమిషంలో తెలుస్తుంది.

చేతితో నేర్పడం ఈ ఊరికి కొత్త కాదు. 1910లో ఇదే బందరులో కోపల్లె హనుమంతరావు గారు, ముట్నూరి కృష్ణారావు గారు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు కలిసి ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పినప్పుడు చేతిపనిని చదువులో భాగం చేశారు. చేయి నేర్చినదాన్ని మెదడు మరిచిపోదని వాళ్లు నమ్మారనే నేననుకుంటాను. బందరు బిడ్డలకు గణితం చెప్పేవాళ్లకు వేరే ఆదర్శం వెతుక్కునే పని లేదు.

మళ్లీ నేల కొలతకు వస్తే, మన ప్రాంతంలో సెంటు అన్న మాట వినబడని ఇల్లుండదు. ఇళ్ల స్థలం సెంటు, సెంటున్నర అంటూ పిల్లలు కూడా మాట్లాడతారు. సెంటు ఎంతుంటుందో చేతులు చాచి చూపమంటే పెద్దవాళ్లే తడబడతారు. ఎకరంలో నూరో వంతు, 48.4 చదరపు గజాలు, 435.6 చదరపు అడుగులు. చదరంగా గీస్తే ఒక్కో వైపు 21 అడుగులకు సుమారు ఒకటిన్నర అంగుళాలు తక్కువ. పది అడుగుల వెడల్పుతో గీస్తే పొడవు 43 అడుగుల ఆరున్నర అంగుళాలు దాటుతుంది. మొదటిదాని చుట్టుకొలత సుమారు 83 అడుగుల ఆరంగుళాలు, రెండోదానిది 107 అడుగులు. స్థలం ఒకటే, ప్రహరీ ఖర్చు ఒకటి కాదు. ఈ 435.6 అన్న వింత సంఖ్య ఎక్కడిదని ఒక పిల్లవాడు అడిగాడు. 1620 ప్రాంతంలో ఇంగ్లండులో ఎడ్మండ్ గంటర్ రూపొందించిన సర్వే గొలుసు పొడవు 66 అడుగులు. గొలుసు పొడవు, గొలుసు వెడల్పు ఉన్న చదరం పది సెంట్లు. అలాంటివి పది చేరితే ఎకరం. ఇలా చెప్పాక ఆ సంఖ్యను బట్టీ పట్టే అవసరం వాళ్లకు రాలేదు.

ఇక ఘనపరిమాణం. సోల, తవ్వ, మానిక, కుంచం ఉన్న రోజుల్లో ఇళ్లలో పిల్లలు దీన్ని వేళ్లతో నేర్చుకునేవారు. ఇప్పుడు బియ్యం కిలోల్లో వస్తున్నాయి. కిలో బరువు, కొలత కాదు. కొలపాత్రలు వంటింట్లోంచి పోయాక ఆ పని బడి చేయాలి. పది సెంటీమీటర్ల భుజంతో అట్టపెట్టె చేసి లోపల ప్లాస్టిక్ కాగితం వేసి రెండు అరలీటరు పాల ప్యాకెట్ల నీళ్లు పోయించండి. అంచు దాకా సరిపోతాయి. లీటరంటే ఏమిటో ఆ క్షణాన వాళ్ల ముఖాల్లో కనబడుతుంది. ఒకే కొలత ఉన్న రెండు కాగితాలు తీసుకుని, ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా గొట్టాలు చుట్టించి బియ్యం పోయించండి. పొట్టిగా లావుగా ఉన్నదే ఎక్కువ పడుతుంది. గడ్డివెంటితో పురి కట్టి ధాన్యం పోసిన పెద్దలు ఇంకా ఉంటే వాళ్లను బడికి పిలవండి. వాళ్లకిది తెలిసిన సంగతే.

గుడివాడ దాటి కైకలూరు దారిలో ఎటు చూసినా చేపల చెరువులే. ఆ ఇళ్ల పిల్లలకు ఘనపరిమాణం బతుకుతెరువు. అయిదడుగుల నీరున్న ఎకరం చెరువులో 2,17,800 ఘనపుటడుగుల నీరుంటుంది, దాదాపు 62 లక్షల లీటర్లు. మందు ఎకరానికి ఇంతని వేసే అలవాటుంది. ఎండాకాలం నీరు మూడడుగులకు దిగితే ఎకరం ఎకరంగానే ఉంటుంది, నీరు మాత్రం 37 లక్షల లీటర్లే. అదే మందు అంతే వేస్తే చిక్కదనం పెరిగి చేపల మీద పడుతుంది. చేను కొలతతో నీటిని కొలవకూడదు. గట్టుకూ చేనుకూ ఉన్న తేడా లాంటిదే చేనుకూ నీటికీ ఉంది.

అడుగు పొడవు కర్రలు పన్నెండు తీసుకుని ఘనపు చట్రం కట్టించండి. అది ఘనపుటడుగు. 28 లీటర్లు పైచిలుకు. అలాంటివి సెకనుకు ఒకటి దాటితే క్యూసెక్కు, నూరు కోట్లు చేరితే టీఎంసీ. పేపరులో రోజూ కనబడే మాటలే. ఒక టీఎంసీ నీటిని అడుగు లోతున పరిస్తే దాదాపు 23 వేల ఎకరాలు మునుగుతాయి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఆ లెక్కన పదిహేను నిమిషాలు తిరక్కుండా ఒక టీఎంసీ దాటిపోతుంది. బ్యారేజీ పట్టేది మూడు టీఎంసీల చిల్లర. అంటే ముప్పావుగంట ప్రవాహం. అయిదో తరగతి పిల్లలకిది పెద్ద లెక్కే. కర్రల చట్రం ఎదురుగా ఉంటే ఆ ప్రవాహం ఎంతటిదో ఊహకందుతుంది.

మాస్టారు కాలువ నీటిని లెక్కగా ఇచ్చేవారు, చెరువు నీటిని ఇచ్చేవారు. 1977 నవంబరు 19న దివిసీమ మీదికి వచ్చిన ఉప్పెన నీటిని మాత్రం ఎన్నడూ లెక్కగా ఇవ్వలేదు. ఎందుకని నేను అడగలేదు. నేనూ ఇవ్వలేదు.

సాటి ఉపాధ్యాయులకు ఒక్క మనవి. సిలబస్ పూర్తి కావాలన్న ఒత్తిడి నాకు తెలుసు, ఏకోపాధ్యాయ పాఠశాల కష్టమూ తెలుసు. అయినా వచ్చే వారం ఒక్క పూట నాకోసం, మాస్టారి కోసం ఇవ్వండి. టేపు, తాడు, కాస్త ముగ్గు పట్టుకుని పిల్లలతో బడి ఆవరణలోకి వెళ్లండి. ఒక సెంటు చదరంగా గీయించండి, పక్కనే మరో సెంటు పొడుగ్గా గీయించండి. ముగ్గు మీద చుట్టూ నడవనివ్వండి, లోపల గోనెపట్టాలు పరవనివ్వండి. ఏమిటి తేడా అని వాళ్లే అడిగేదాకా ఆగండి. ఆ ప్రశ్న రాకముందు నల్లబల్ల మీద సూత్రం రాయకండి.